మీటయు నక్షరమును

మనుష్యు లేర్పఱచుకొనిన మర్యాదలలో కొన్ని కాలక్రమమున ప్రకృతిధర్మములవలె కానబడును. వానిని మొదట నెవరు చేసిరో, ఏ యవసరమునుబట్టి చేసిరో జనులు మఱచిపోవుదురు. అట్లుండుటయే సహజమనియు, మఱియొకవిధముగా నుండుట యసంభవమనియు తలంతురు. కులాచారములనుండియు వివాహాచారములనుండియు నిందుకు దృష్టాంతములు పెక్కు గలవు. మేము నేడు తీసికొన్న దృష్టాంతము వానికంటె మిక్కిలి చిన్నది. చదువుకొన్నవారి యిండ్లలో బల్లమీదనే యున్నది. కంప్యూటరు కీబోర్డుమీద ఏ మీటను నొక్కినచో ఏ యక్షరము రావలెనను నిర్ణయమే యది. ఈ నిర్ణయము మొదట ఇనుములో నిమిడి చాలకాలము కదలక నిలిచినది. పిమ్మట ఇనుమును విడిచి యొక సంఖ్యల పట్టికగా మాఱినది. ఆ పట్టికను తిరుగవ్రాయు నధికారము తుదకు సామాన్యునకు లభించినది. ఈ చరిత్రను సంగ్రహముగా చెప్పి, దానితో తెలుగువారి కేమి సంబంధము గలదో విచారింతుము.

అమెరికాదేశమున మిల్వాకీ పట్టణమందు పత్రికాసంపాదకుడై యుండిన క్రిస్టఫర్ లేథమ్ షోల్స్, కార్లోస్ గ్లిడెన్, సామ్యూల్ సూలే అను మిత్రులతో గూడి 1868వ సంవత్సరము జూన్ 23వ తేదీన టైపురైటరునకు పేటెంటు పొందెను. నాటి తొలి నమూనాలలో మీటలు పియానో వాద్యపు మెట్లవలె నుండి, అక్షరములు ఇంగ్లీషు వర్ణక్రమము ననుసరించి యుండెను. నేటి కీబోర్డు నడిమివరుసలో ఎఫ్, జి, హెచ్, జె, కె, ఎల్ అను నక్షరములు దాదాపు వరుసగా నుండుట ఆ ప్రాచీనక్రమమునకు మిగిలిన యానవాలని చెప్పుదురు. 1873లో తుపాకులను, కుట్టుయంత్రములను చేయు రెమింగ్టను కంపెనీవారు ఆ యంత్రమును తయారుచేయుట కొడంబడి, మఱుసటి సంవత్సరము విక్రయమునకు పెట్టిరి. అప్పటికి పై వరుస క్యూ, డబ్ల్యూ, ఇ, ఆర్, టి, వై అను క్రమమునకు వచ్చెను. అచ్చుకడ్డీలు ఒండొంటిని తగులుకొనకుండుటకై యిట్లు మార్చిరని చిరకాలముగా చెప్పుకొనుచున్నారు. తంతివార్తలను విని వ్రాసికొను గుమాస్తాల సౌకర్యమునుబట్టి మార్చిరని జపానుదేశపు క్యోటో విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో వాదించిరి. కారణ మేదైనను, ఆ క్రమము దైవదత్తము కాదనియు, కొందఱు పనివారు కొన్నిసంవత్సరములు దిద్ది దిద్ది నిలిపినదనియు మాత్రము స్పష్టము.

1878లో వచ్చిన రెమింగ్టను రెండవ యంత్రమున షిఫ్టు మీట యేర్పడెను. అంతవఱకు పెద్దయక్షరములే పడుచుండెను. ఇప్పు డొకే మీటకు రెండు గుర్తులు కలిగెను. దీనిని పాఠకులు గుర్తుంచుకొన వేడుదుము. మీట వేఱనియు, అది యిచ్చు గుర్తు వేఱనియు చూపు భేదమునకు బీజ మిందే గలదు. అయినను నాటి యంత్రమున నా భేద మినుమును దాటి పోజాలదు. మీట, దానికి తగిలించిన కడ్డీ, కడ్డీ కొనయందు పోతపోసిన అక్షరము, ఈ మూడును ఒకటే శరీరము. అక్షరమును మార్పదలచినవాడు కమ్మరిపని చేయవలసినదే.

అందుచేత సంస్కర్తల ప్రయత్నములు ఫలింపవయ్యెను. షోల్స్ తానే 1890లో మరణించులోపల వేఱొక అమరికను కల్పించెను. దాని పేటెంటు ఆయన మరణానంతరము 1896లో వెలువడెను. యంత్రమును సృష్టించినవాడే మార్పు కోరినను లోకము వినలేదు. వాషింగ్టను విశ్వవిద్యాలయమున విద్యాశాస్త్రాచార్యుడైన ఆగస్టు డ్వోరాక్, విలియం డీలీ అనువారు 1936లో మఱియొక అమరికకు పేటెంటు పొందిరి. ఇంగ్లీషున తఱుచుగా వచ్చు అక్షరములను వ్రేళ్లు సహజముగా నిలుచు నడిమివరుసలో నుంచుట వారి సూత్రము. 1956లో అమెరికా ప్రభుత్వముకొఱకు జరిగిన పరీక్షలో, పాత పద్ధతి నేర్చినవారికి క్రొత్తది తిరుగ నేర్పుట వలన లాభము లేదని తేలెను. నేర్చినవారు యంత్రము మాఱదనిరి. యంత్రములు చేయువారు నేర్చినవారు మాఱరనిరి. మన దేశమున తల్లిదండ్రులు బంధువులను, బంధువులు తల్లిదండ్రులను సాకుగా చూపి బాల్యవివాహములను నిలిపియుంచిన విధము మా కిచట జ్ఞప్తికి వచ్చుచున్నది.

కంప్యూటరు వచ్చిన పిమ్మట అక్షరమునకు సంఖ్య యేర్పడెను. 1963లో అమెరికాయందు నిర్ణయింపబడిన ఆస్కీ అను క్రమమున పెద్ద ఏ కారమునకు 65 సంఖ్య. కాని నాడు కంప్యూటరులకు తగిలించుచుండిన టెలిటైపు వంటి యంత్రములు మీటను నొక్కగానే అక్షరపు సంఖ్యనే పంపుచుండెడివి. ఏ మీట కే సంఖ్య యనునది యంత్రము లోపలనే స్థిరపడియుండెను. ఇనుపకడ్డీకి బదులు విద్యుత్తు వచ్చినది గాని, మీటకును అక్షరమునకును గల ముడి విడిపోలేదు.

ఆ ముడిని విప్పిన పను లనేకములలో ప్రధానమైనది మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థయందు జరిగెను. 1983లో ఆ సంస్థవారు విద్యార్థుల యుపయోగముకొఱకు ఎథీనా అను పేర నొక గొప్ప కంప్యూటరు పథకమును ప్రారంభించిరి. డిజిటల్ ఎక్విప్‌మెంట్, ఐ.బి.ఎం. అను రెండు కంపెనీలు దానికి తోడ్పడెను. రెండు కంపెనీల యంత్రములనగా రెండు తెగల కీబోర్డులు. పైగా, విద్యార్థి యొక గదిలో కూర్చుండి నొక్కిన మీటకు వేఱొక భవనమందలి యంత్రమున నడచు ప్రోగ్రాము జవాబు చెప్పవలెను. ఈ యవసరమునుండి 1984లో రాబర్టు షైఫ్లర్, జిమ్ గెటీస్ అనువారి కృషిచే ఎక్స్ అను తెరల వ్యవస్థ పుట్టెను. 1987 సెప్టెంబరులో వెలువడిన దాని పదునొకండవ రూపము లోకమంతట వ్యాపించెను.

ఈ వ్యవస్థయం దొక మీటకు రెండు సంఖ్యలు గలవు. మొదటిది కీకోడు. అది 8 మొదలు 255 వఱకు గల సంఖ్యలలో నొకటి. కీబోర్డుమీద నొక స్థానమును మాత్రమే తెలుపును. దాని కర్థము లేదు. రెండవది కీసిమ్, అనగా మీటయిచ్చు గుర్తుయొక్క సంఖ్య. ఈ రెంటిని కలుపునది యొక పట్టిక. పట్టికలో నొక్కొక్క మీట కెదురుగా వరుసగా గుర్తులు వ్రాయబడియుండును: మొదటి గుంపున షిఫ్టు లేనిది, షిఫ్టుతో కూడినది, రెండవ గుంపున మరల నట్లే రెండు. దృష్టాంతమునకు, నేటి లినక్సు యంత్రములందు ఇంగ్లీషు కె మీటయొక్క కీకోడు సాధారణముగా 45. దాని కెదురుగా 107, 75 అను రెండు సంఖ్య లుండును. మొదటిది చిన్న కె, రెండవది పెద్ద కె. తెరను, కీబోర్డును కాచియుండు మూలప్రోగ్రాము ఈ పట్టికను భద్రపఱచును గాని దాని నర్థము చేసికొనదు. జాబులను చదువక అందజేయు తపాలాబంట్రోతువలె 45వ మీట నొక్కబడెనని మాత్రము తెలుపును. అర్థము చేసికొనువాడు జాబు నందుకొన్నవాడే, అనగా మన ప్రోగ్రాము.

అట్లు పట్టికను చదువుటకును మార్చుటకును ప్రోగ్రాములు వ్రాయువారికి ఎక్స్‌లిబ్ అను సిద్ధవిధుల సముదాయ మొకటి యీయబడినది. అందు ఎక్స్ చేంజ్ కీబోర్డ్ మ్యాపింగ్ అను ఫంక్షను ప్రస్తుతవిషయమునకు ముఖ్యము. దాని కైదు విషయములు చెప్పవలెను: ఏ తెర, ఏ మీటతో మొదలు, మీట కెన్ని గుర్తులు, ఆ గుర్తు లేవి, మొత్త మెన్ని మీటలు. అంతే. షోల్స్ కాలమున కమ్మరికొలిమి లేక కానిపని, డ్వోరాక్ కాలమున కర్మాగారము లేక కానిపని యిచట నొక పంక్తితో ముగియును. ప్రోగ్రాములు వ్రాయనేరని వారికై ఎక్స్‌మాడ్‌మ్యాప్ అను పనిముట్టు గలదు. అది చిన్న కాగితమువంటి ఫైలున మనము వ్రాసికొన్న మాటలను చదివి యీ ఫంక్షనునే పిలుచును.

పట్టిక మాఱిన వెంటనే మూలప్రోగ్రాము, నడచుచున్న ప్రోగ్రాములన్నిటికిని మార్పు జరిగినదని వార్త పంపును. పూర్వము గ్రామములందు క్రొత్త యుత్తరువు వచ్చినప్పుడు దండోరా వేయించినట్టిది యీ వార్త. అది విన్న ప్రోగ్రాము పట్టికను తిరుగ తెప్పించుకొనవలెను. వినియు నూరకుండినచో, మీటలు క్రొత్తవైనను అది పాతయక్షరములనే వ్రాయుచుండును. శాసనము మాఱుట వేఱు, మాఱినదని తెలిసికొని నడచుకొనుట వేఱు. వితంతూద్వాహములను ధర్మబద్ధములుగా నంగీకరించిన చట్టము 1856లో వచ్చెను; రాజమహేంద్రవరమున వీరేశలింగము పంతులుగారు తొలి వితంతువివాహమును జరిపించినది 1881 డిసెంబరులో. దండోరాకును దానిని వినుటకును నడుమ మన దేశమున నిరువదియైదు సంవత్సరములు పట్టెను.

అధికార మున్నచోట దాని హద్దులను గూడ విచారింపవలెను. ఎక్స్‌లిబ్బునందే ఎక్స్ రీబైండ్ కీసిమ్ అను వేఱొక ఫంక్షను గలదు. అది మార్చునది తనను పిలిచిన ప్రోగ్రామునకు మాత్రమే. ఇరుగుపొరుగు ప్రోగ్రాముల నంటదు. ఎక్స్ చేంజ్ కీబోర్డ్ మ్యాపింగో, ఆ తెరను పంచుకొను ప్రోగ్రాములన్నిటికిని మార్చును; ఏ ప్రోగ్రామైనను దానిని పిలువవచ్చును. ఒకని సౌకర్యమునకై చేసినది పదిమందికి బాధ కావచ్చునన్నమాట. ఇంటిలో వాడుక మార్చుకొనుటకును, ఊరిదారిని మార్చుటకును గల భేదమే యిది. ఈ కొఱతలను తీర్చుటకై 1996లో ఎక్స్‌కేబీ అను విస్తరణము ఎక్స్ వ్యవస్థలో చేరెను. దానిచే నొక మీటకు నాలుగు గుంపులవఱకు గుర్తుల నుంచుకొనవచ్చును. షిఫ్టును, అక్షరమును ఒకేసారి నొక్కలేనివారికై, ముందు షిఫ్టును నొక్కి విడిచినను అది తరువాతి మీటకు పనిచేయునట్లు ఏర్పాటు గూడ నందే చేయబడినది. ఒంటిచేతివారికిని, వణకు వ్రేళ్లవారికిని అది యెంత మేలో వేఱుగ చెప్పనక్కఱలేదు. నేడు ఎక్స్ స్థానమున వేలాండ్ అను పద్ధతి పెక్కుచోట్ల ప్రవేశించినది; ఫంక్షనులు మాఱినవి గాని, మీటను గుర్తునుండి విడదీసి నడుమ పట్టిక నుంచు సూత్రము మాఱలేదు.

ఇక తెలుగు సంగతి. 1987 నాటి గుర్తుల పట్టికలో లాటిను, గ్రీకు, రష్యను, అరబ్బీ, హీబ్రూ లిపులకును జపానువారి కానాకును స్థానము గలదు. భారతీయ లిపులలో నొక్కటియు లేదు. ఇందు ద్వేష మేమియు లేదు. ఆ పని చేసినవారి యెదుట మన లిపిని పెట్టువా రప్పటికి లేరు, అంతియ. అయితే మనదేశము నిద్రించుచుండెననుటయు న్యాయము కాదు. కేంద్రప్రభుత్వపు ఎలక్ట్రానిక్సు శాఖవారు 1986లోనే భారతీయభాషల కన్నిటికిని ఇన్‌స్క్రిప్ట్ అను నొకే కీబోర్డు అమరికను నిర్ణయించిరి. 1991లో భారతీయ ప్రమాణసంస్థ ఇస్కీ అను సంఖ్యాక్రమముతో గూడ దానిని ప్రమాణముగా ప్రకటించెను.

ఈ యమరికను వ్యాకరణము చదివినవారు చూచిన సంతోషింతురు. నడిమివరుసలో కుడిచేతిక్రింద ప, క, త, చ, ట అను పరుషము లైదును గలవు. వాని తలమీది వరుసలో సరిగా వానికెదురుగా బ, గ, ద, జ, డ అను సరళములు గలవు. షిఫ్టును పట్టి యా మీటలనే నొక్కినచో ఫ, ఖ, థ, ఛ, ఠలును, భ, ఘ, ధ, ఝ, ఢలును వచ్చును. అల్పప్రాణము మీటకు, మహాప్రాణము షిఫ్టుకు. ఎడమచేతిక్రింద గుణింతపు గుర్తులు: గుడి, కొమ్ము నడిమివరుసలో నుండగా గుడిదీర్ఘము, కొమ్ముదీర్ఘము వాని పైవరుసలో నున్నవి, షిఫ్టుతో వానికి సరియైన అచ్చులు. ఇంగ్లీషు అమరికకు గల కారణమునుగూర్చి పండితులు నేటికిని వాదించుచున్నారు; దీనికి గల కారణము మన వర్ణమాలయే చెప్పుచున్నది. హిందీలో క యున్న మీటయే తెలుగున క, కన్నడమున క. ఒకటి నేర్చినవాడు సగము పదింటిని నేర్చినట్లే.

సంయుక్తాక్షరముల చిక్కుకూడ నిచట విడిపోయినది. పాత తెలుగు టైపురైటరులలో ఒత్తులును గుణింతపు తునుకలును వేఱువేఱు మీటలపై చోటు కోరెడివి. చోటు చాలక అక్షరములు వికృతములయ్యెడివి. ఇన్‌స్క్రిప్టున నొక పొల్లుమీట చాలును. స్త్రీ యను మాటకు స, పొల్లు, త, పొల్లు, ర, గుడిదీర్ఘము, ఆరు మీటలు. ఉచ్చారణక్రమమున మనము నొక్కుచు పోదుము. ఒత్తును క్రిందికి దింపుట, గుడిదీర్ఘమును తలకెక్కించుట తరువాత వచ్చు ప్రోగ్రాముల పని. కావున మీటకొక గుర్తు అను పట్టికలో మన లిపి యే వంకరయు లేక యిముడును.

1991 అక్టోబరులో వెలువడిన యూనికోడు తొలిసంపుటమున తెలుగునకు 128 స్థానము లీయబడెను. అందు క కారపు సంఖ్య 3093. తరువాత ఎక్స్ వ్యవస్థయం దొక సులభసూత్ర మేర్పడెను: ప్రత్యేకముగా పేరు పొందని యే యక్షరమునకైనను, దాని యూనికోడు సంఖ్యకు 1,67,77,216 కలిపినచో వచ్చునదియే దాని కీసిమ్. ఆ లెక్కను క కారమునకు 1,67,80,309. ఖ కారమునకు 1,67,80,310. 45వ మీట కెదురుగా నున్న 107, 75లను తీసి యీ రెండు సంఖ్యలను వ్రాసినచో, ఆ క్షణమునుండి యింగ్లీషు మీట తెలుగు మీట యగును. ఎవరి యనుమతియు నక్కఱలేదు. క్రొత్త యంత్రమును కొననక్కఱలేదు. లినక్సునందలి కీబోర్డు పట్టికలలో తెలుగు పట్టిక సిద్ధముగనే యున్నది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్‌పీ మొదలుకొని మైక్రోసాఫ్టువారి వ్యవస్థలందును తెలుగు కీబోర్డు గలదు.

ఇంత జరిగినను మన వాడుక యెట్లున్నది? తెలుగు వ్రాయువారిలో అనేకులు తెలుగుమాటను రోమనక్షరములలో తలచుకొని, ఆ యక్షరములను నొక్కి, ప్రోగ్రాము వానిని తెలుగుగా మార్చి యిచ్చుటకై యెదురుచూతురు. ఈ మార్గమును మేము దూషింపము. అమెరికాయందు రైస్ విశ్వవిద్యాలయమున చదువుకొనిన తెలుగువిద్యార్థులు దీనికి మంచి పద్ధతి కల్పించిరి. తరువాత లేఖిని వంటి పనిముట్లు వచ్చి వేలకొలది జనులచే తెలుగు వ్రాయించినవి. దేశాంతరమున నున్నవాని చేతిలో ఇంగ్లీషు కీబోర్డు తప్ప వేఱు లేనప్పుడు అది మహోపకారము. కాని తాత్కాలికముగా వేసిన వంతెనపై నిండ్లు కట్టుకొనుట యుచితము కాదు. ఇంగ్లీషు నింకను సరిగా నేర్వని బాలుడు తెలుగుమాట వ్రాయుటకు ముందుగా ఇంగ్లీషక్షరములను వెదకుకొనవలసివచ్చుట, తన యింటిలోనికి పొరుగింటి వాకిలిగుండ పోవుటవంటిది. ఇంగ్లీషు రాని తల్లికి ఆ వాకిలియు లేదు. ఆమెకు ఓనమాలు వచ్చును. క మీట యిది యని చూపినచో క వ్రాయగలదు. క వ్రాయుటకు ఇంగ్లీషు కె నేర్వుమన్నచో సిగ్గుపడి తొలగును.

నేడు నోటితో చెప్పిన వ్రాయు యంత్రములు వచ్చినవనియు, చేతిఫోనులకు మీటలే లేవనియు, ఈ చర్చ కాలముమీఱినదనియు కొంద ఱనవచ్చును. నోటిమాట జాబునకు చాలును; దిద్ది తీర్చి వ్రాయవలసిన వ్యాసమునకు, దరఖాస్తునకు, కథకు చేతివ్రేళ్లు కావలసినవే. ఫోనుమాట తలచినచో మా వాదము బలపడునే గాని తగ్గదు. అద్దముమీది మీట కినుము లేనేలేదు. అది యంతయు పట్టికయే. ఒక వ్రేలితాకుడుచే ఇంగ్లీషు పలక పోయి తెలుగు పలక వచ్చును. అడ్డము మన యలవాటు మాత్రమే.

కావున చేయవలసినది యధికము కాదు. పాఠశాలలలో కంప్యూటరును తొలిసారి ముట్టించునాడే పిల్లలకు తెలుగు మీటలను చూపవలెను. వర్ణమాల పాఠమును, కీబోర్డు పాఠమును ఒక్కటిగా చెప్పినచో పరుషసరళముల భేదము వ్రేళ్లకే తెలియును. బజారున దొరకు కీబోర్డులలో మిక్కిలి భాగముమీద తెలుగక్షరములు లేవు గాన, అంటించుకొను చీటీలనైన ఇంటింట నుంచుకొనవలెను. చదువుకొన్న కుమారుడు, కుమార్తె తమ తల్లి ఫోనులో తెలుగు పలకను నిలిపి, ఒకపూట ప్రక్కన కూర్చుండి యామెచే తన పేరును తాను వ్రాయింపవలెను. షోల్స్ తన యంత్రమును తానే మార్పజాలకపోయెను; మన కా యడ్డంకి లేదు. పట్టిక మన చేతిలోనిది. దండోరా వేయబడి చాలసంవత్సరములైనది.